అప్‌డేట్: షోలు లేనప్పుడు బేస్ గిటార్ ప్రాక్టీస్

షోలు లేని వారాల్లో బేస్ ముట్టుకోబుద్ధి కావట్లేదు, ఏం చేయాలి అని ఆమధ్య అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు పరిస్థితి బాగా మెరుగుపడింది.

అన్నిటికంటే పనికొచ్చింది మెట్రోనోమ్ (లెక్కగా క్లిక్‌లు కొడుతూ టెంపో చూపే పరికరం) చిట్కా. దాన్ని నిమిషానికి 40 క్లిక్‌ల మీద పెట్టి, ఆ క్లిక్‌లనే నాలుగు బీట్ల వరుసలో రెండో, నాలుగో బీట్లుగా తీసుకుని, నిమిషానికి 80 బీట్ల టెంపోలో వాయించడం. ఒకటో బీట్ మీద క్లిక్ ఉండదు కాబట్టి దాని భారమంతా మనదే. ఏమాత్రం ముందుకు ఉరికినా వెంటనే దొరికిపోతాం! ఒక్క E స్ట్రింగ్ మీద, ఒకే గ్రూవ్‌తో (మళ్లీ మళ్లీ తిరిగే లయతో) అరగంట ఇట్టే గడిచిపోతోంది.

అమెరికన్ రికార్డ్ కంపెనీ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్, ఆ లైన్లను కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించాడని ఒకరు గుర్తుచేశారు. అలా ప్రయత్నిస్తుంటే నోట్ ఎక్కడ మొదలవ్వాలో మాత్రమే కాదు, ఎక్కడ ఆగాలో కూడా వినబడుతోంది. ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర తీగను నొక్కిన ఎడమచేతి వేలు కాస్త సడలిస్తే చాలు, నోట్ తెగుతుంది. గ్రూవ్ సగం ఆ ఖాళీలోనే ఉంది, నిజంగా.

రోజూ స్కేల్స్ (స్వరాల వరుసలు) చేయమన్న సలహా మాత్రం నాకు సరిపడలేదు. బేస్‌ని కేసులో పెట్టకుండా స్టాండ్ మీదే ఉంచమన్నది బాగా పనిచేసింది.

వచ్చే రిహార్సల్లో ఈ 40 క్లిక్ మీదే కలిసి వాయిద్దామని మా డ్రమ్మర్‌ని అడిగాను. సరేనన్నాడు.