షిఫ్టు డ్యూటీల ఇంట్లో నాలుగేళ్ల బాబు తిండి, నిద్ర: ముందు దేన్ని సరిచేయాలి?

ప్రశ్న (కూర్మన్నపాలెం అమ్మ)

మా వారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగి. నేను గాజువాకలో ఒక ప్రైవేటు ఆఫీసులో పనిచేస్తాను. అత్తగారు, మావగారు మాతోనే ఉంటారు కనుక నాలుగేళ్ల మా బాబును స్కూలు నుంచి వచ్చాక వాళ్లే చూసుకుంటారు. ఆ విషయంలో మాకు ఏ లోటూ లేదు. అయితే కొంతకాలంగా వాడి తిండి, నిద్ర రెండూ గాడి తప్పాయి. మా వారికి బి షిఫ్టు పడితే ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. నాన్న వచ్చేదాకా వాడు నిద్రపోడు, వచ్చాక ఆటలు మొదలవుతాయి, పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. ఉదయం ఏడింటికి లేపితే ఏడుపు. టిఫిను ముట్టడు, మాల్టు పొడి కలిపిన పాలు మాత్రం తాగి ఆటో ఎక్కుతాడు. సాయంత్రం ఆరున్నరకు తాతగారు వీధి చివరి కొట్టుకు తీసుకెళ్లి బిస్కెట్లు కొనిపెడతారు. రాత్రి ఫోను ఎదురుగా పెడితే తప్ప అన్నానికి నోరు తెరవడు, తెరిచినా ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు.

ఎవరికి వారు ప్రేమతోనే చేస్తున్నారు. మావగారి దగ్గర బిస్కెట్ల మాట ఎత్తాలంటే నాకు నోరు రాదు. అన్నీ ఒకేసారి మార్చడం మా ఇంట్లో అయ్యే పని కాదు కనుక, నిద్ర, తిండి, ఫోను, వీటిలో ముందు దేన్ని పట్టుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు (సీతమ్మధార సిస్టర్, విశ్రాంత నర్సు)

నిద్రతోనే మొదలుపెట్టండి. మీరు వేరువేరుగా చెప్పినవన్నీ నిజానికి ఒకదాన్ని పట్టుకుని మరొకటి వస్తున్నవే. ఆలస్యంగా పడుకున్న పిల్లవాడికి ఉదయం ఆకలి ఉండదు, ఉదయం తినని పిల్లవాడు సాయంత్రం బిస్కెట్ల మీద పడతాడు, ఆరున్నరకు బిస్కెట్లు తిన్నవాడికి ఎనిమిదింటికి అన్నం సహించదు, సహించని అన్నాన్ని ఎలాగైనా తినిపించాలని పెద్దలు ఫోను చేతికిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మీ బాబు రాత్రి నిద్ర ఏడున్నర గంటలే. మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నా లెక్క కుదరదు.

ఇందులో అసలు చిక్కు పిల్లవాడిది కాదు, తండ్రీకొడుకులు కలిసే వేళది. బి షిఫ్టు వారంలో మీ వారు మధ్యాహ్నం డ్యూటీకి బయలుదేరేదాకా ఇంట్లోనే ఉంటారు గదా. కాబట్టి ఆ వారం నాన్న వాటాకు రాత్రి కాకుండా ఉదయం రావాలి. లేపడం, పళ్లు తోమించడం, పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి ఇడ్లీ తినడం, వీలైతే ఆటో ఎక్కించడం కూడా ఆయనే చేయాలి. రాత్రి నాన్న రాకముందే నిద్రపోతే పొద్దున్నే నాన్న దొరుకుతాడన్న నమ్మకం వాడికి కుదిరాక మీరు బతిమాలాల్సిన అవసరం చాలా తగ్గుతుంది. పడుకునే వేళను ఒక్కసారిగా తొమ్మిదికి లాగకండి. రెండు మూడు రోజులకొకసారి ఓ పావుగంట ముందుకు జరపండి. లేచే వేళ మాత్రం ఆదివారమైనా మారకూడదు. మీ వారు ఇంట్లోకి వచ్చేటప్పుడు హాల్లో ట్యూబులైటు, టీవీ ఆపి ఉంచడం కూడా ముఖ్యమే, ఎందుకంటే నిద్రను తెచ్చే మెలటోనిన్ హార్మోను వెలుతురుకు తగ్గిపోతుంది, పెద్దలకన్నా చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువగా తగ్గుతుంది.

సి షిఫ్టు వారం సంగతి మీరు రాయలేదు గానీ అది కూడా ఆలోచించాల్సిందే. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు కనుక, సెలవు రోజుల్లో ఇల్లు సద్దు చేయకుండా ఉండాలని పిల్లవాడి చేతిలో ఫోను పెట్టి మూల కూర్చోబెట్టే ఇళ్లు నేను చాలా చూశాను. ఆ వేళకు మామ్మగారో తాతగారో వాడిని మేడ మీదకో, దగ్గరలోని పార్కుకో తీసుకెళ్లగలిగితే ఇద్దరికీ మంచిది. ఈ వయసు పిల్లలకు రోజుకు కనీసం మూడు గంటల కదలిక, అందులో ఒక గంట ఒళ్లు అలిసే ఆట ఉండాలని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక ఆ మాల్టు పొడి. అందులో చక్కెర ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఇలాంటి పానీయాలను ఆరోగ్య పానీయాల విభాగం కింద చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు సూచించింది. ఉత్త పాలు ఇవ్వండి, అవి కూడా రోజంతా కలిపి అర లీటరు దాటనివ్వకండి. పాలతోనే కడుపు నిండితే ఇనుము ఉన్న తిండికి చోటు ఉండదు, ఇనుము తగ్గితే రక్తహీనత వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది.

జవాబు (మధురవాడ నాన్న)

సిస్టర్‌గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, మా ఇంటి అనుభవాన్ని బట్టి ముందు అన్నం దగ్గర ఫోను తీయాలంటాను. నిద్ర వేళ సర్దుబాటుకు వారాలు పడుతుంది, షిఫ్టు మారినప్పుడల్లా మళ్లీ చెదురుతుంది. ఫోను తీయడం ఈ రాత్రే చేయవచ్చు. అయితే పిల్లవాడి ఫోను ఒక్కటే తీస్తే కుదరదు. మా ఇంట్లో భోజనాల వేళ అందరి ఫోన్లూ ఫ్రిజ్ మీదకు వెళతాయి, మా నాన్నగారి వార్తల ఛానలుతో సహా. ఆయనను ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.

తెర చూస్తూ తినే పిల్లవాడికి కడుపు నిండిన సంగతి గానీ, నోట్లో ముద్ద ఉన్న సంగతి గానీ తెలియదు. ఆ బుగ్గన పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలన్నది వాడికే వదలాలి. మొదట్లో రెండు ముద్దలు తిని లేచిపోతే మామ్మలకు ప్రాణం నిలవదు, కానీ వెంటపడి తినిపిస్తే ఆ కూర మీద విముఖత పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్త కూర అలవాటు కావడానికి చాలామంది పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని రుచి చూడాల్సి వస్తుంది. ఆనపకాయ పప్పును రెండుసార్లు తోసేశాడని మూడోసారి బంగాళాదుంప వేపుడు చేసిపెడితే తోసేయడమే నేర్చుకుంటాడు. అందరూ తినేదే కొంచెం వాడి కంచంలోనూ వేసి, ఆ ఊసు ఎత్తకుండా మీ అన్నం మీరు తినండి.

కూర్మన్నపాలెం అమ్మ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉదయం బాధ్యత తీసుకోవడానికి మా వారు ఒప్పుకున్నారు. ఫోన్ల విషయం అత్తగారే ముందుండి చూస్తానన్నారు. మిగిలింది బిస్కెట్లే. మావగారికి చెప్పేదెలా?

జవాబు (పెందుర్తి తాత)

అమ్మా, తాతల తరఫున నేను చెబుతాను. మీరు చెప్పకండి, మీ వారి చేత చెప్పించండి. అది కూడా వద్దు అన్న మాటతో మొదలుపెట్టవద్దు. మాకు ఆ కొట్టు దాకా వెళ్లే నడక ముఖ్యం, వేలు పట్టుకుని మనవడు పక్కన నడవడం ముఖ్యం. ఆ నడకను అలాగే ఉంచి, తినే వేళను నాలుగున్నరకు మార్చమనండి. అప్పుడు అరటిపండో, జామకాయ ముక్కలో, ఉడకబెట్టిన చిలగడదుంపో, చోడి (రాగి) రొట్టో ఇంట్లోనే తిని బయలుదేరితే కొట్టు ముందు పేచీ ఉండదు. పల్లీలు, సెనగలు గింజలుగా మాత్రం ఇవ్వనివ్వకండి, ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

ఇంకొకటి గమనించండి. మాలాంటి వాళ్లం సాసరులో టీ పోసుకుని, అందులో బిస్కెట్ అద్ది, ఆ మెత్తని ముక్కను మనవడి నోట్లో పెడతాం. టీలోని టానిన్లు అనే వగరు పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఆ మెత్తని పిండి దవడపళ్ల గుంటల్లో చేరి పుచ్చుకు దారి చేస్తుంది. కాబట్టి రాత్రి పళ్లు తోమించే పనిని మీ మావగారికే అప్పగించండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠానీ గింజంత చాలు, అన్నం తిన్నాక పడుకునే ముందు తోమాలి, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దల చెయ్యి పడాల్సిందే. రోజూ వాడి నోట్లోకి తొంగిచూసే తాత బిస్కెట్ల పొట్లం తనంతట తానే తగ్గించుకుంటాడు.

జవాబు (సీతమ్మధార సిస్టర్, విశ్రాంత నర్సు)

పళ్ల మాట వచ్చింది కనుక ఒకటి చేర్చాలి. ముద్ద బుగ్గన పెట్టుకోవడం ప్రతిసారీ అలవాటే అనుకోవద్దు, పుచ్చుపన్ను నొప్పి వల్ల నమలలేని పిల్లలు కూడా అలాగే చేస్తారు. ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. కనురెప్పల లోపలి భాగం పాలిపోయినట్టున్నా, మట్టి, సుద్ద లాంటివి నోట్లో పెట్టుకుంటున్నా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రాత్రి గురక పెడుతూ నోటితో ఊపిరి తీస్తుంటే మాత్రం పడుకునే వేళ మార్చడంతో సరిపోదు. ఆ సంగతి పిల్లల వైద్యుడికి విడిగా చెప్పాలి.