ఫైర్‌బాల్‌ని తగ్గించాలా? నేనైతే వద్దంటా

థ్రెడ్ పెట్టిన అన్న అడిగింది ఏంటంటే, వాళ్ళ డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ కథలో పాత్రలుగా ఆడే గేమ్) టేబుల్‌లో విజార్డ్, అంటే మాంత్రికుడి పాత్ర, ఐదో లెవెల్‌కి వచ్చి ఫైర్‌బాల్ అనే గుంపుని కాల్చేసే స్పెల్ (మంత్రం) నేర్చుకున్నాడు, అప్పట్నుంచి ప్రతి ఫైట్ ఒక్క రౌండ్‌లో అయిపోతోంది, డ్యామేజ్‌ని 8డీ6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది వేసి కూడడం) నుంచి 6డీ6కి దించేద్దామా అని. కింద చాలామంది దించెయ్ అనే అన్నారు. నేను ఒప్పుకోను.

ఫైర్‌బాల్ మామూలు కంటే గట్టిగా కొడుతుంది, నిజమే. 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో (గేమ్ నడిపేవాడి రూల్ పుస్తకం) సొంతంగా స్పెల్స్ రాసుకునేవాళ్ళ కోసం ఒక పట్టిక ఉంది, మూడో లెవెల్ స్పెల్ ఎక్కువమందికి తగిలేదైతే 6డీ6 అని అందులోనే ఉంది, అంటే ఫైర్‌బాల్‌కి రెండు డైస్ ఎక్కువిచ్చారు, సగటున 21 బదులు 28. సరే, ఆ ఏడు పాయింట్లు కోసేస్తే ఏమవుతుంది? హాబ్‌గాబ్లిన్ లాంటి చిన్న శత్రువుకి 11 హిట్ పాయింట్లు (ప్రాణం), సేవ్ (దెబ్బ తగ్గించుకోడానికి వేసే డైస్) తప్పితే 21 తగిలినా చచ్చిపోతుంది. ఓగర్ లాంటి పెద్ద రాక్షసుడికి 59, వాడు 28 తిన్నా ఇంకా 31తో నిలబడే ఉంటాడు, ఫైటర్ వెళ్ళి నరకాల్సిందే. గుంపుని విజార్డ్ ఊడ్చేస్తాడు, పెద్దోడిని మిగతావాళ్ళు చూసుకుంటారు, అందరికీ పనుంది కదా.

నన్ను నిజంగా బాధపెట్టిన స్పెల్ వేరే ఉంది, ఫోర్స్‌కేజ్, శత్రువుని మాయా బోనులో బంధించేది. మా క్యాంపెయిన్‌లో పదమూడో లెవెల్‌కి వచ్చాం, నాలుగు సెషన్లుగా వెంటాడుతున్న ఫైర్ జయంట్ ఎట్టకేలకు ఎదురుపడ్డాడు, మా బార్బేరియన్ (దగ్గరికెళ్ళి కొట్టే యోధుడు) ఆడే ఫ్రెండ్ అప్పటికే డైస్ చేతిలో పట్టుకుని రెడీగా ఉన్నాడు. విజార్డ్ ముందు టర్న్‌లోనే ఫోర్స్‌కేజ్ వేశాడు. 2014 రూల్ ప్రకారం సేవ్ లేదు, కాన్సన్‌ట్రేషన్ (వేసినవాడికి దెబ్బ తగిలితే స్పెల్ తెగిపోవచ్చనే షరతు) లేదు, స్పెల్స్‌ని రద్దు చేసే డిస్పెల్ మ్యాజిక్ పనిచేయదు, గంటసేపు లోపలే. టెలిపోర్ట్ లేని జయంట్ ఏం చేస్తాడు? బయట నుంచి బాణాలు, స్పెల్స్ వేస్తూ కూర్చున్నాం, మావాడు డైస్ తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు. ఆ రాత్రి వాడు ఇంకేం మాట్లాడలేదు, అది నాకిప్పటికీ గుర్తే.

అందుకే నా ప్రశ్న ఎంత డ్యామేజ్ అని కాదు, ఆ స్పెల్ పడ్డాక మిగతావాళ్ళకి చేయడానికి ఏమైనా మిగిలిందా అని. 2024 రూల్స్‌లో ఫోర్స్‌కేజ్‌కి కాన్సన్‌ట్రేషన్ పెట్టారు, మంచి పని చేశారు. జంతువుల్ని పిలిచే కాంజ్యూర్ ఆనిమల్స్‌నీ మార్చారు, పాత దాంట్లో ఎనిమిది తోడేళ్ళని పిలిస్తే ప్రతి రౌండ్ ఎనిమిది దాడులకి డైస్ వేసుకుంటూ ఒక్కడే పావుగంట తినేసేవాడు. ఫైర్‌బాల్ మాత్రం 2024లోనూ 8డీ6గానే ఉంది.

*జవాబు:* బ్రో అంతా బానే ఉంది కానీ నువ్వు చెప్పే బ్యాలెన్స్ గేమ్‌లో రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు జరిగితేనే వర్తిస్తుంది, 2014 పుస్తకం అనుకున్నదీ అదే, మాకు వారానికి మూడు గంటలు దొరకడమే గగనం, ఒక ఫైట్, తర్వాత లాంగ్ రెస్ట్ (గేమ్‌లో రాత్రి నిద్ర), స్లాట్లన్నీ (స్పెల్స్ వేసే అవకాశాలు) వెనక్కి వచ్చేస్తాయి. అలాంటప్పుడు స్పెల్‌నే తగ్గించాలి కదా?

*నా జవాబు:* ఇది సరైన పాయింట్, ఒప్పుకుంటా, కానీ తప్పు నిద్రలో ఉంటే శిక్ష ఫైర్‌బాల్‌కి ఎందుకు? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు ఉంటుంది. సెషన్ అయిపోతే గేమ్‌లో రోజు అయిపోవాలని ఎక్కడా లేదు, మేం ఒక్క రోజుని మూడు వారాలు ఆడతాం, స్లాట్లు కాగితం మీద కొట్టేసి అలాగే ఉంచుతాం. అదే గైడ్‌లో ఇంకో ఆప్షన్ కూడా ఉంది, షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. ఐదో లెవెల్ విజార్డ్‌కి మూడో లెవెల్ స్లాట్లు రెండే, ఆర్కేన్ రికవరీతో (కొన్ని స్లాట్లు వెనక్కి తెచ్చుకునే విజార్డ్ శక్తి) ఇంకొకటి. మొదటి గదిలో వాడేస్తే మూడో గదిలో ఏం చేస్తాడో వాడే ఆలోచించుకుంటాడు.

ఇంకోటి, క్యాంపెయిన్ మధ్యలో మాత్రం చెప్పకుండా మార్చొద్దు. ఐదో లెవెల్ ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి చూసినవాడి చేతిలోంచి లాక్కున్నట్టే. మార్చక తప్పదనుకుంటే ముందు అందరితో మాట్లాడండి, వాడికి బదులుగా వేరే స్పెల్ తీసుకోనివ్వండి.