వానాకాలం ముందు క్లబ్బు మరమ్మతులు: కోర్టుకు రంగు ముందా, కాలువ ముందా?

నుంగంబాకం సభ్యుడు

మా టెన్నిస్, స్క్వాష్ క్లబ్బు నోటీసు బోర్డులో ఈ వారం మూడు వార్తలు పెట్టారు. రెండు హార్డ్ కోర్టులకు, అంటే కాంక్రీటు నేల మీద రంగు పూసిన కోర్టులకు, అక్టోబరులో కొత్త రంగు వేయిస్తారట. స్క్వాష్ కోర్టు చెక్క నేలకు వార్నిష్ పూయిస్తారట. మిగిలిన ఒక్క మట్టి కోర్టును వచ్చే ఏడాది కాంక్రీటు చేస్తారట. క్లబ్బు మీద ఖర్చు పెట్టాలన్న కార్యవర్గం సంకల్పాన్ని మనసారా అభినందిస్తున్నాను. అయితే చెన్నైకి ఏడాది వానలో పెద్ద వాటా వచ్చేదే అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా కదా అన్నది నా బెంగ. నిరుడు రెండో కోర్టులో బేస్‌లైన్ (కోర్టు చివరి అడ్డగీత) వెనుక నిలిచిన నీళ్ళు, వాన వెలిసిన మర్నాటికి కూడా పోలేదు. ఇప్పుడు సరిగ్గా అదే చోట పాచి పట్టి, గోటితో గీకితే రంగు పెచ్చులుగా లేచి వస్తోంది. ఇలాంటి పనులు దగ్గరుండి చేయించినవారు ఈ నగరంలోని మన తెలుగువారిలో ఎవరైనా ఉంటే, దయచేసి తమ అనుభవం చెప్పండి.

అన్నానగర్ ఇంజనీరు

మీ బెంగ సబబైనదే. హార్డ్ కోర్టు మీద వేసే యాక్రిలిక్ రంగును సన్నని ఇసుక కలిపి పొరలు పొరలుగా లాగుతారు. ఒక పొర పూర్తిగా ఆరితేనే రెండోది వేయాలి. కింద కాంక్రీటులో తడి ఉండగా పైన రంగు వేస్తే, ఎండ కాసినప్పుడు ఆ తడి ఆవిరై పైకి తన్ని బుడగలు లేస్తాయి, ఆ బుడగలు పగిలిన చోటే మీరు చెప్పిన పెచ్చులు మొదలవుతాయి. మన ఊళ్ళో ఈ పనికి తగిన కాలం జనవరి నుంచి మార్చి వరకే. నుంగంబాకం స్టేడియంలో 2017 దాకా జరిగిన పురుషుల చెన్నై ఓపెన్‌ను ఏళ్ళ తరబడి జనవరి మొదట్లోనే చూశాం. 2025లో అదే స్టేడియంలో మహిళల టోర్నీని అక్టోబరు చివర పెడితే వాన అడ్డుపడి ఆటలు నిలిచిపోయాయి. ఆట సంగతే అలా ఉంటే, ఆరని రంగు మాట చెప్పనక్కరలేదు.

అంతకన్నా ముఖ్యం, నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో తేల్చుకోకుండా ఎన్ని రంగులు వేసినా పైన పటారం, లోన లొటారమే. హార్డ్ కోర్టుకు పది అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఒకే వైపుకు వాలు ఉండాలి. ఆ వాలు దిగువన కాలువ ఉండాలి, ఆ కాలువ అడుగు కోర్టు అంచు కంటే పల్లంగా ఉండాలి. చాలా క్లబ్బుల్లో కాలువ ఉంటుంది గానీ, ఆకులూ పాత బంతులూ మట్టీ చేరి అది పూడిపోయి, నీరు తిరిగి కోర్టు మీదికే ఎక్కుతుంది. ఒక ఎండ రోజున కోర్టును పైపుతో పూర్తిగా తడిపి, గంటసేపు వదిలేయండి. అప్పటికీ నాణెం మందాన నీరు ఎక్కడెక్కడ మిగిలిందో అక్కడ సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. ఆ గీతల పటమే మీ అసలైన మరమ్మతు జాబితా. చిన్న పల్లాలను రంగుకు ముందే పూడ్చి సరిచేయవచ్చు. కాలువ వైపే ఎత్తుగా ఉందని తేలితే మాత్రం వాలు సంగతి పెద్దపని అవుతుంది, దాన్ని దాచకుండా సభ్యులకు చెప్పాలి.

కీల్పాక్ తల్లి

అన్నయ్య గారు టెన్నిస్ సంగతి వివరంగా చెప్పారు కాబట్టి, నేను స్క్వాష్ వైపు నుంచి గట్టిగా ఒక్క మాట చెబుతాను: ఆ నేలకు దయచేసి వార్నిష్ వేయించకండి. మా అమ్మాయి ఇదివరకు ఆడిన ఒక క్లబ్బులో ఇలాగే అందంగా ఉంటుందని పూయించారు. స్క్వాష్ కోర్టు చెక్కను ఏ పూతా లేకుండా వదిలేది, ఆటగాళ్ళ చెమటను అది పీల్చుకుని బూటుకు పట్టు ఇవ్వడానికే. పూత పడ్డాక చెమట చుక్క ఎక్కడ పడితే అక్కడే నిలిచి, నేల గాజులా జారింది. ముందు గోడ దగ్గర పడిన బంతి కోసం ఒక కాలు బారుగా చాచి వంగినప్పుడు అమ్మాయి వెనుక కాలు జారి, తొడ కండరం పట్టేసి, సీజన్ సగం ఇంట్లోనే కూర్చుంది. ఆ తర్వాత ఆ పూతను యంత్రంతో చెక్కించడానికి, వేయించినదానికంటే ఎక్కువే ఖర్చయింది.

నేల నల్లబడిందని మీ కార్యవర్గం అనుకుంటూ ఉంటే, దాన్ని సన్నగా చిత్రిక పట్టించి వదిలేస్తే చాలు. రోజూ పొడి గుడ్డతో తుడవడం, వీధిలో తిరిగిన బూట్లతో ఎవరినీ లోపలికి రానివ్వకపోవడం అంతకన్నా ముఖ్యం, ఎందుకంటే ఆ బూట్లకు అంటుకొచ్చిన ఇసుకే చెక్కను అరగదీస్తుంది. వానాకాలంలో గోడలు చెమర్చినప్పుడు బంతి గోడకు తగిలి సరిగా రాకుండా జారిపోతుంది, అప్పుడు ఆట ఆపడమే క్షేమం. మా కొత్త క్లబ్బులో పై భాగాన గాలి బయటికి లాగే ఫ్యాన్లు రెండు పెట్టించాక ఈ బాధ బాగా తగ్గింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్‌కు చోటు దొరికాక, 2025 డిసెంబరులో చెన్నైలోనే మన జట్టు ప్రపంచ కప్పు గెలిచాక, పిల్లల రద్దీ బాగా పెరిగింది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కోర్టుకు ఊపిరాడనివ్వడం లేదు. శిక్షణ బృందాల మధ్య నేల తుడవడానికీ ఆరడానికీ కాస్త వ్యవధి ఇవ్వమని కోచ్ గారిని అడగండి.

బెంగళూరు నుంచి బదిలీ

వార్నిష్ విషయంలో ఆ తల్లిగారి మాటే నా మాట. బెంగళూరులో నేను ఆడిన కోర్టులో గోడలు ఇంతగా చెమర్చడం ఎన్నడూ చూడలేదు. అక్కడి పద్ధతులను ఇక్కడ యథాతథంగా పాటించడం కుదరదు.

మార్కర్ గారి అబ్బాయి

మా నాన్నగారు ఉద్యోగ జీవితమంతా ఒక క్లబ్బులో మార్కర్‌గా, అంటే కోర్టుల బాగోగులు చూసుకుంటూ సభ్యులతో ఆడే ఉద్యోగిగా చేశారు, కాబట్టి మట్టి కోర్టు గురించి నేను మాట్లాడక తప్పదు. దాన్ని తీసేయాలన్న ఆలోచనను దయచేసి వాయిదా వేయించండి. మే నెల ఎండలో కాంక్రీటు కోర్టు అరికాళ్ళను కాల్చేస్తుంటే, సాయంత్రం నీళ్ళు చల్లిన మట్టి కోర్టు చల్లగా ఉంటుంది. యాభై దాటిన సభ్యుల మోకాళ్ళకు అదే దిక్కు. నాన్నగారు చీకటితోనే వెళ్ళి, ముందురోజు నీళ్ళు పట్టిన మట్టి వేలితో నొక్కితే అచ్చు పడాలి గానీ వేలికి అంటకూడదు అని చూసుకుని, అప్పుడే రోలర్ లాగేవారు. తర్వాత గోనెపట్టా ఈడ్చి, తాడు కట్టి, సున్నంతో గీతలు పోసేవారు. ఈ పని తెలిసిన మనిషి లేకపోవడం వల్లనే ఇప్పుడు మట్టి కోర్టులు పాడవుతున్నాయి. వానల్లో అది కొన్ని రోజులు మూతపడుతుందన్నది నిజమే, అయితే మిగిలిన తొమ్మిది నెలల సుఖాన్ని లెక్కలోకి తీసుకోవాలి. రంగుకు కేటాయించిన డబ్బులో చిన్న భాగంతో ఒక పనివాడికి జీతం పెంచి, మరో కుర్రవాడికి ఈ పని నేర్పించవచ్చు.

క్లబ్బు కోశాధికారి

పెద్దలందరికీ నమస్కారం. నోటీసు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అక్టోబరు అనుకోవడానికి కారణం, ఆ నెలలో చేస్తే గుత్తేదారు ధర తగ్గిస్తామన్నారు. ఆ తగ్గింపును వదులుకుంటే సభ్యులు ప్రశ్నిస్తారు.

అన్నానగర్ ఇంజనీరు

కోశాధికారి గారూ, వానాకాలంలో ఎవరూ పని ఇవ్వరు కాబట్టే ఆ నెలలో ధర తగ్గుతుంది. ఒప్పందంలో రెండేళ్ళ హామీ రాయమని అడగండి, అక్టోబరు పనికి ఆయన ఒప్పుకుంటారో లేదో చూడండి. ఆ డబ్బుతో ఇప్పుడు కాలువ తవ్వించి శుభ్రం చేయించండి. కాలువ సరిగా పనిచేస్తోందో లేదో ఈ వానలే చూపిస్తాయి, జనవరిలో నిశ్చింతగా రంగు వేయించవచ్చు.

క్లబ్బు కోశాధికారి

హామీ గురించి ఈరోజే ఫోను చేసి అడిగాను. అక్టోబరు పనికి రాసివ్వలేనని, ఫిబ్రవరి పనికైతే రాసిస్తానని ఆయనే చెప్పారు. వార్నిష్ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాం. మట్టి కోర్టు సంగతి సర్వసభ్య సమావేశం ముందు పెడతాను. ఈ ఆదివారం ఉదయం రెండు హార్డ్ కోర్టులనూ తడిపి చూస్తాం, పైపు పట్టడానికి, గీతలు గీయడానికి వీలున్నవారు రండి. సుద్దముక్కలు నేను తెస్తాను.

మార్కర్ గారి అబ్బాయి

నేను వస్తాను. నీళ్ళు పట్టే ముందు నెట్లు విప్పి లోపల ఆరవేయించండి, తడిస్తే కింది పట్టీ ముందుగా చీకిపోతుంది. తిరిగి కట్టేటప్పుడు మధ్యలో ఎత్తు మూడు అడుగులే ఉందో లేదో కొలవండి. టేపు దొరక్కపోతే ఒక రాకెట్టును నిలువుగా నిలబెట్టి, దాని మీద ఇంకో రాకెట్టు తలను అడ్డంగా పెడితే దాదాపు ఆ ఎత్తే వస్తుంది.