అప్‌డేట్: వెనుక బ్రేకులో చేరిన గాలి బయటికి పోయింది

సైకిల్ వెనుక బ్రేకు లివర్ నొక్కితే హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, ఇంట్లోనే బ్లీడ్ చేయవచ్చా (అంటే నూనెతో పనిచేసే ఈ బ్రేకులో చేరిన గాలిని బయటికి తీయవచ్చా) అని పోయిన వారం అడిగాను. లివర్ నుంచి చక్రం దగ్గరికి నూనె వెళ్లే హోసు పొడవు తగ్గించినప్పుడు గాలి చొరబడి ఉంటుందన్న మీ అంచనా నిజమే.

డాట్ ఫ్లూయిడ్ (మోటారు వాహనాల బ్రేకుల్లో పోసే ద్రవం) పోయవద్దని, సీళ్లు ఉబ్బి పాడవుతాయని హెచ్చరించినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మోటారు సైకిల్ కోసం కొన్న డాట్ 4 సీసా ఇంట్లో ఉంది, అదే పోసేవాణ్ణి. నావి షిమానో బ్రేకులు, వాటికి మినరల్ ఆయిలే వాడాలి.

చక్రం, బ్రేకు ప్యాడ్లు తీసి, ప్యాడ్లను నొక్కే పిస్టన్ల మధ్య అవి బయటికి జరగకుండా బ్లీడ్ బ్లాక్ అనే ముక్క పెట్టాను. లివర్‌ను నేలకు సమాంతరంగా తిప్పి గరాటు బిగించి, కింద కాలిపర్ (చక్రం దగ్గర పిస్టన్లుండే భాగం) నుంచి సిరంజితో నూనె ఎక్కించాను. మొదట ఏమీ రాలేదు. స్క్రూడ్రైవర్ పిడితో హోసు వెంబడి మెల్లగా తడుతూ వస్తే, ఆవగింజంత బుడగలు ఒక్కొక్కటిగా గరాటులోకి తేలాయి. పాత నూనె మసి రంగు, కొత్తది లేత గులాబీ. ఆ రంగు మారడం చూస్తుంటే ఎంత సంతోషం కలిగిందో!

చివరి బుడగ మాత్రం అరగంట సతాయించింది. కాలిపర్‌ను ఫ్రేము నుంచి విప్పి, వేలాడదీసి, అటూ ఇటూ వంచాకే బయటికి వచ్చింది.

ప్యాడ్లకు నూనె చుక్క తగిలినా పనికిరావని ముందే పక్క గదిలో పెట్టాను. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే చక్రం బిగించాను. ఇప్పుడు లివర్ సగం దూరంలోనే గట్టిగా ఆగుతోంది. నిన్న ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒక్క వేలితో పట్టినా సైకిల్ నిలిచింది. ఇక ముందు చక్రం బ్రేకు పని వచ్చే ఆదివారం.