సమస్య: పిట్ట పాలిచ్చి పెంచెను బిడ్డ నెలమి

ఇది తేటగీతి చివరి పాదం. పోయిన ఎండాకాలం మా ఊరి చెరువుకట్ట మీది మర్రికింద నిలబడి పైకి చూశాను. పెద్ద గబ్బిలం రొమ్మును కరుచుకుని దాని పిల్ల వేలాడుతోంది. పక్కనున్న మనుమడు "పిట్ట పాలిస్తదా తాతా?" అన్నాడు. ఆ మాటే సమస్య అయింది.

పాలమూరు తమ్ముడి పూరణ:

మర్రి కొమ్మను తలకిందు మసలుచుండు
ఈక లొకటైన లేక తా నెగురగలదు
గబ్బిలంబును చూడగా కాదు కాదు
పిట్ట, పాలిచ్చి పెంచెను బిడ్డ నెలమి

తమ్మీ, "కాదు కాదు పిట్ట" అని విరిచిన చోటే పద్యం గెలిచింది. రెండో పాదం మరీ నచ్చింది. పిట్టకు ఈకలతోనే రెక్క. గబ్బిలానికి చేతివేళ్ల మధ్య సాగిన తోలే రెక్క. సంధి ఒక్కటి చూసుకో. కొమ్మను, గబ్బిలంబును, చూడగా: మూడూ ద్రుతాంతాలు, అంటే చివర నకారం ఉన్న మాటలు. కాబట్టి వాటి తర్వాత త, చ, క లకు బదులు ద, జ, గ అనే సరళాలు రావాలి: దలకిందు, జూడగా, గాదు. యతికి ఇబ్బంది లేదు.

జడ్చర్ల నుంచి వచ్చిన పూరణలో గబ్బిలం గుడ్డిదన్నారు. అది ఒప్పుకోలేను. పండ్లు తినే ఈ పెద్ద గబ్బిలం చూపుతోనూ వాసనతోనూ వెతుక్కుంటుంది.

నల్లగొండ అక్క పూరణ:

గూటిలో రెండు గుడ్లను గువ్వ పొదిగె
కంఠమందున్న సంచియే కడవ గాగ
తల్లితో బాటు తండ్రియు దాను గూడి
పిట్ట పాలిచ్చి పెంచెను బిడ్డ నెలమి

"గబ్బిలం దాకా ఎందుకన్నా? మా వంటింటి సజ్జ మీది పావురం చాలదా? పిల్ల తన ముక్కును తల్లి నోట్లోకి దూర్చి తాగుతుంటే రోజూ చూశాను" అని రాశారు.

అక్కా, సమస్యను విరవకుండానే నిజం చేశారు! పావురానికి రొమ్ము లేదు. గొంతు కింది తిత్తి లోపలిపొర ఉబ్బి, ఆ కణాలు రాలి, పెరుగులా చిక్కటి పదార్థం అవుతుంది. కొవ్వు, ప్రొటీన్ దండిగా ఉంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరికీ వస్తుంది. గబ్బిలం తల్లికి పాలు పట్టించే ప్రొలాక్టిన్ హార్మోనే ఇక్కడా పనిచేస్తుంది. కనుక పాలు అనడం ఒప్పే. అయితే గుడ్లు రెండన్నారు, సమస్యలో బిడ్డ ఒక్కటే. గబ్బిలానికైతే సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లే కనుక తమ్ముడికి ఆ చిక్కు రాలేదు.

అక్క జవాబు: "రెండో గుడ్డు పిల్ల కాలేదన్నా. కళ్లారా చూసి కూడా పద్యంలో చెప్పలేదు. మొదటి పాదం మారుస్తున్నా:

గుడ్లు రెండింట నొక్కటే గువ్వ యయ్యె"