మామునూరు వెటర్నరీ కాలేజీలో బర్రె పాలు టెస్ట్ చేస్తారా?

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. మా ముర్రా బర్రెకు పొదుగు వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. వెనక ఎడమ చన్ను రాయిలా గట్టిపడింది, పిండితే ముందు నీళ్లలాగా, తర్వాత విరిగిన ముక్కలు వస్తున్నాయి. మిగతా మూడు చన్నులు బాగానే ఉన్నాయి. మేత తింటోంది, జ్వరం లేదు.

మా ఊరి పశువుల డాక్టర్ గారు ఇంజెక్షన్లు ఇచ్చారు, చన్నులోకి ట్యూబులు ఎక్కించారు. ఇక మందులు మార్చుకుంటూ పోవడం కంటే, పాలను కల్చర్ (ల్యాబ్‌లో పాలలోని క్రిములను పెంచి చూసే టెస్ట్) చేయించి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలుసుకోవడమే మంచిదన్నారు. నాకూ అదే సరైనదనిపిస్తోంది. మందులు వాడినన్నాళ్లు పాలు కేంద్రంలో పోయడం లేదు. తాగేది పిల్లలు కదా. ఇల్లు గడిచేది ఈ పాల మీదే, అందుకే టెన్షన్‌గా ఉంది.

పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ కింద మామునూరులో ఉన్న కాలేజీకి పశువులను తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ టెస్ట్ అక్కడే చేస్తారా, హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ పంపాలా? చన్ను స్పిరిట్‌తో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టి ఐస్‌లో పెట్టి తెమ్మన్నారు డాక్టర్ గారు. సీసా వాళ్లే ఇస్తారా? పాలు తెస్తే చాలా, బర్రెను కూడా చూడాలంటారా? చూడి బర్రె, ట్రాలీలో అంత దూరం కుదుపులంటే భయంగా ఉంది. 1962 బండి (ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్) వాళ్లు ఇంటి దగ్గరే శాంపిల్ తీస్తారేమో తెలిసినా చెప్పండి.

కోరుట్ల కాలేజీలో చూపించినవాళ్లు కూడా రాయండి. ఓపీ టైమింగ్స్, ఫీజు, రిజల్ట్ ఎన్నాళ్లకు వస్తుందో చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.