1846లో రియో గ్రాండే ఒడ్డున తప్పెవరిది?

పాత పటాలు:
అమెరికా–మెక్సికో యుద్ధం (1846–48) మెక్సికో దాడితోనే మొదలైందని చాలామంది రాస్తున్నారు. నేనది ఒప్పుకోలేను. 1846 ఏప్రిల్ 25న మెక్సికో గుర్రపు దళం కెప్టెన్ థార్న్‌టన్ సైనికుల మీద పడింది, కొందరిని చంపింది, మిగతావాళ్లను పట్టుకుపోయింది. నిజమే. అయితే ఆ సైనికులు ఉన్న చోటు ఏది? నుయేసెస్ నదికి దక్షిణాన, రియో గ్రాండే పక్కన. మెక్సికో పాలనలో టెక్సాస్ హద్దు నుయేసెస్ దగ్గరే ఆగిపోయేది. దాని కింద తీరం పొడవునా ఉన్న నేల తమౌలిపాస్ రాష్ట్రానిది. అమెరికా అధ్యక్షుడు పోల్క్ జనవరిలోనే తన జనరల్ టేలర్‌ని ఆ నేల దాటి వెళ్లమన్నాడు. టేలర్ నదికి అవతల ఉన్న మెక్సికో ఊరు మతమోరోస్‌కి ఎదురుగా కోట కట్టి, ఫిరంగులు ఊరివైపు తిప్పాడు. గొడవ కావాలనుకున్నవాడు చేసే పని అది.

హ్యూస్టన్ వాసి:
మెక్సికో పేచీ నుయేసెస్ దగ్గర ఆగలేదండీ. టెక్సాస్ మొత్తం మాదే అన్నారు వాళ్లు. 1836లో టెక్సాస్ తిరుగుబాటుదారుల చేతిలో ఓడి చెరలో ఉన్న మెక్సికో అధినేత శాంతా అన్నా, సైన్యాన్ని రియో గ్రాండే దాటించి వెనక్కి తీసుకెళ్తానని వెలాస్కోలో సంతకం చేశాడు. ఆ తర్వాత టెక్సాస్ తొమ్మిదేళ్లు సొంత దేశంగా బతికింది. ఫ్రాన్స్, బ్రిటన్ దాన్ని గుర్తించాయి. అలాంటి దేశం ఇష్టపడి 1845లో అమెరికాలో చేరితే యుద్ధమే అని మెక్సికో ముందే బెదిరించింది. పోల్క్ రాయబారి స్లైడెల్‌ని కోట్ల డాలర్ల బేరంతో పంపితే కలవడానికే ఒప్పుకోలేదు. మాట్లాడటానికి రానివాళ్లతో ఏం చెయ్యాలి?

పాత పటాలు:
చెరలో ఉన్నవాడి సంతకాన్ని మెక్సికో ప్రభుత్వం అప్పుడే కొట్టేసింది. దాన్ని హక్కుపత్రంగా చూపించలేం.

స్లైడెల్ సంగతికొస్తే, మెక్సికో అధ్యక్షుడు ఎరేరా టెక్సాస్ తగువు తేల్చుకోవడానికి ఒక ప్రతినిధిని రమ్మన్నాడు. పోల్క్ పంపింది పూర్తిస్థాయి రాయబారిని, అదీ కాలిఫోర్నియా, న్యూమెక్సికోలు కొనమని చెప్పి. అతన్ని ఆహ్వానిస్తే టెక్సాస్ పోయిందని ఒప్పుకుని, మామూలు సంబంధాలు మళ్లీ మొదలుపెట్టినట్టే. ఎరేరా కాదన్నా లాభం లేకపోయింది. దేశాన్ని అమ్మేస్తున్నాడంటూ జనరల్ పరేదెస్ అతన్ని దించేసి తానే అధ్యక్షుడయ్యాడు.

ఇక అసలు విషయం. 1836 చివర్లో టెక్సాస్ చేసిన చట్టం రియో గ్రాండేని అది పుట్టిన చోటు దాకా హద్దు అంది. ఆ లెక్కన న్యూమెక్సికోలోని శాంతా ఫే కూడా టెక్సాస్‌దే కావాలి. కానీ 1841లో అక్కడికి దండు పంపితే మెక్సికో వాళ్లు మొత్తాన్నీ పట్టుకున్నారు. టెక్సాస్ ఒక్కరోజు కూడా శాంతా ఫేని పాలించలేదు. 1846 ఆగస్టులో అమెరికా జనరల్ కియర్నీ ఆ ఊరు పట్టుకున్నాక దాన్ని టెక్సాస్‌కి అప్పగించాడా? లేదు, న్యూమెక్సికోకి వేరే ప్రభుత్వం పెట్టాడు. 1850లో వాషింగ్టన్ 1 కోటి డాలర్లు ఇచ్చి టెక్సాస్ చేత ఆ పేచీ వదిలించింది. మతమోరోస్ దగ్గర రియో గ్రాండే తిరుగులేని హద్దు అన్న ప్రభుత్వమే, అదే నదిమీద శాంతా ఫే దగ్గర ఆ మాట పాటించలేదు. దీనికి జవాబు కావాలి నాకు.

గోదారి గట్టు:
మీ ఇద్దరి పటాల్లోనూ అక్కడి ఆదివాసులైన కొమాంచీలు లేరు. ఆ రోజుల్లో టెక్సాస్ పశ్చిమ మైదానాల్లో చెల్లింది టెక్సాస్ రాజధాని ఆస్టిన్ మాట కాదు, మెక్సికో నగరం మాటా కాదు. ఉత్తర మెక్సికో ఊళ్లు ఏళ్ల తరబడి వాళ్ల దాడులకు చితికిపోయి ఉన్నాయి. అమెరికా సైన్యం అంత తేలిగ్గా లోపలికి వెళ్లడానికి అదీ ఒక కారణం. 1848లో యుద్ధం ముగించిన సంధిలో 11వ అధికరణం ఆ దాడులు ఆపే పూచీ అమెరికా మీదే పెట్టింది. ఎవరి నేల అని తేల్చేటప్పుడు వాళ్లనీ లెక్కలోకి తీసుకోండి.

హ్యూస్టన్ వాసి:
శాంతా ఫే మీద మీ వాదనలో బలముంది, పాత పటాలు గారూ. అయినా మతమోరోస్ ఎదుటి తీరానికి అది వర్తించదనే నా అభిప్రాయం. ఏప్రిల్ 23నే పరేదెస్ ఆత్మరక్షణ యుద్ధం అంటూ ప్రకటన చేశాడు. నది దాటి వచ్చింది వాళ్లే. అమెరికా కాంగ్రెస్ కూడా గట్టిగానే నిలిచింది: ప్రతినిధుల సభలో 174–14, సెనేట్‌లో 40–2.

లలిత:
ఆ ఓట్లు చూసి మోసపోకండి. సైన్యానికి డబ్బు, మనుషులు ఇచ్చే బిల్లుకే యుద్ధ ప్రకటన తగిలించారు. కాదంటే సరిహద్దులో ఉన్న కుర్రాళ్లని వదిలేసినట్టవుతుంది. 1848 జనవరిలో అదే ప్రతినిధుల సభ, అధ్యక్షుడు ఈ యుద్ధాన్ని అనవసరంగా, రాజ్యాంగవిరుద్ధంగా మొదలుపెట్టాడని 85–81తో తీర్మానించింది. అంతకుముందు నెలలోనే, అప్పుడు సభ్యుడిగా ఉన్న లింకన్, రక్తం చిందిన ఆ చోటు ఎవరి నేలో చూపించమని సభలో అడిగాడు. ఈ యుద్ధంలో లెఫ్టినెంట్‌గా పోరాడి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన గ్రాంట్, బలవంతుడు బలహీనుడి మీద చేసిన అత్యంత అన్యాయమైన యుద్ధాల్లో ఇదొకటని తర్వాత రాసుకున్నాడు.

పాత పటాలు:
ఇంకొకటి చేర్చాలి. మే 9న, థార్న్‌టన్ వార్త వాషింగ్టన్ చేరకముందే, పోల్క్ మంత్రివర్గంతో యుద్ధం అడగబోతున్నానని చెప్పాడు. అమెరికన్లకు మెక్సికో తీర్చని బాకీలు, స్లైడెల్‌కి జరిగిన అవమానం, ఇవే అప్పటి కారణాలు. వార్త ఆ సాయంత్రం అందింది. రెండు రోజుల తర్వాత కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో అమెరికా నేల మీద అమెరికన్ల రక్తం చిందిందన్న మాట ముందుకొచ్చింది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపే ఇడాల్గోలో సంధి అయ్యేసరికి, టెక్సాస్‌ని కలుపుకుంటే మెక్సికోకి సగానికి పైగా నేల పోయింది. చేతికొచ్చింది 1.5 కోట్ల డాలర్లు. నుయేసెస్ తగువు మాత్రమే అయితే కాలిఫోర్నియా దాకా ఎందుకు వెళ్లారో హ్యూస్టన్ వాసి గారు చెప్పాలి.

హ్యూస్టన్ వాసి:
కాలిఫోర్నియా మీద పోల్క్‌కి కన్నుందని నేనెప్పుడూ కాదనలేదు. కొనాలని చూశాడు, కుదరలేదు. కొనాలనుకోవడం యుద్ధం కోరుకోవడం ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. శాంతా ఫే లెక్కకి విడిగా రాస్తాను.